పదో పువ్వు

లిప్సా కనబడకుండా పోయి ఆ మంగళవారానికి పది రోజులు. అయినా ఒక్క సాయంత్రం కూడా ఆ పిల్ల గొంతు వినబడకుండా పోలేదు.

సరిగ్గా ఆరుంబావుకి ఆ పిల్ల పనిచేసే కార్ల షోరూము, రాయగడ జంఝావతి మోటార్స్ వాళ్ల పేజీలో ఒక రీలు పడుతుంది. కొత్త కారు పక్కన లిప్సా నిలబడి, "అన్నయ్యలూ, అక్కలూ, ఇయ్యాల ఎవరింటికి బండొచ్చిందో సూద్దురు రండి!" అని చేతులు చాచి పిలుస్తుంది. పంతులు కొబ్బరికాయ కొడతాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితుకుతాయి. అట్టతో చేసిన మూరెడు తాళంచెవి పట్టుకుని కుటుంబమంతా నవ్వుతూ నిలబడుతుంది. అరనిమిషంలో అంతా అయిపోతుంది. ఆ అరనిమిషం కోసం లిప్సా తల్లి రామలక్ష్మి తెల్లవారి నాలుగింటి నుంచి ఎదురుచూస్తుంది. చేతిలో మునిసిపాలిటీ చీపురు, జాకెట్లో ఫోను.

"మేజరు పిల్ల, తనంతట తనే వెళ్లిపోయింది" అని పోలీసులు చేతులు దులుపుకున్నాక, రామలక్ష్మి రైలెక్కి కొరాపుట్ వెళ్లి శ్యామలాంబ తలుపు తట్టింది. శ్యామలాంబకి యాభై తొమ్మిదేళ్లు. తాతలనాటి నుంచి ఎస్టేటు కచేరీల్లో ఉద్యోగాలు చేసిన కుటుంబం. ఆవిడ మాత్రం ముప్పై ఏళ్లు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లు పరీక్ష చేసింది. బంపరు మీద గీత చూసి ఎవడు నిజం చెబుతున్నాడో, ఎవడు కోస్తున్నాడో చెప్పేది. రిటైరయ్యాక అదే పని మనుషుల మీద మొదలుపెట్టింది. బంపర్ల కన్నా మనుషులు కొంచెం ఎక్కువ అబద్ధాలాడతారు, అంతే తేడా.

ఆ మధ్యాహ్నం నాలుగున్నరకి ఆవిడ షోరూములో సేల్స్ మేనేజరు సుశాంత్ ఎదురుగా కూర్చుంది. రామలక్ష్మి పక్క సోఫా అంచున, జారిపోతానేమో అన్నట్టు కూర్చుంది.

"ఆ శనివారం లిప్సా ఎన్నింటికి వెళ్లింది?"

"ఐదింటికి మేడమ్. టికిరి ఊరి పార్టీకి డెలివరీ ఇచ్చాం, వీడియో తీసుకుంది, వెళ్లిపోయింది. మర్నాడు స్కూటీ రైల్వే స్టేషన్ దగ్గర దొరికింది."

"ఐదే అని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

"సేల్స్ లో ఉన్నవాడికి టైములు గుర్తుండాలి మేడమ్."

"ఎవరితోనైనా గొడవ పడిందా?"

"గొడవ కాదు. కొంచెం దిగులుగా ఉండేది. ఆ వయసు ఆడపిల్లలు... మీకు నేను చెప్పాలా?"

"చెప్పండి నాయనా. నాకా వయసు దాటి చాలా కాలమైంది."

సుశాంత్ నవ్వాడు. రామలక్ష్మి అందుకుంది. "బాబు మంచోడమ్మగారూ. రోజూ మాపిటేల మా ఇంటికొస్తాడు. అమ్మి ఫోన్ సేసిందేటని అడిగి, నా ఫోన్ తీసి సూసి మరీ ఎల్తాడు. ఎతకడానికని మా సుట్టాలవీ, నేస్తాలవీ పేర్లన్నీ రాసుకున్నాడు. మా సొంతోళ్లే ఇంత సెయ్యనేదు."

సుశాంత్ తల దించుకున్నాడు. వినయమో మరొకటో తేలలేదు. శ్యామలాంబ తన చిన్న పుస్తకంలో ఒక ముక్క రాసుకుని లేచింది.

"డెలివరీ ఇచ్చే గది చూపించండి."

షోరూము చివర అద్దాల గది అది. మూల ఎర్ర పట్టుగుడ్డ మడతపెట్టి ఉంది. కారు మీద కప్పి, ఇంటివాళ్ల చేత లాగించేది ఆ గుడ్డే. పక్కన హారతి పళ్లెం, గోడకి గడియారం, కింద సొరుగులో నల్లతాళ్ల కట్ట. శ్యామలాంబ ఫోనులో గురువారం పడిన రీలు తెరిచింది. టికిరి వాళ్ల తెల్లకారు రీలు. లిప్సా ఎక్కడ నిలబడి తీసిందో సరిగ్గా అక్కడే నిలబడి ఆపి చూసింది. రీల్లో గోడ గడియారం ఆరూ నలభై చూపిస్తోంది. తలెత్తి గోడ మీది గడియారాన్ని చేతి వాచీతో సరిపోల్చింది. నిమిషం తేడా లేదు.

ఐదింటికి వెళ్లిపోయిన పిల్ల ఆరూ నలభైకి వీడియో తీస్తోంది. సేల్స్ వాడి జ్ఞాపకశక్తి మీద ఆవిడకి గౌరవం కలిగింది.

"ఈ నల్లతాళ్లు?" అంది, ఏమీ ఎరగనట్టు.

"దిష్టితాడు మేడమ్. అన్నీ అయ్యాక ఆఖర్న లిప్సాయే బండి ముందు కట్టేది. వీడియోలో జనం బాగా చూస్తారు."

"నానే నేర్పేను," అంది గుమ్మంలోంచి రామలక్ష్మి. "మజ్జిగౌరమ్మ పేరు సెప్పుకోని మూడు ముడులెయ్యాల. కొస కత్తిరించకూడదు. తాడు దానంతటదే తెగి పడిపోవాల గానీ మనం తియ్యకూడదు. మా అమ్మి ముడేస్తే ఏనుగు లాగినా ఊడదు."

శ్యామలాంబ రీలు మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఎర్రగుడ్డ జారింది. తెల్లకారు మెరిసింది. పంతులింకా బొట్టు కూడా పెట్టలేదు. అక్కడ బొమ్మ రెండు క్షణాలు ఆగిపోయింది. పైనుంచి లిప్సా గొంతు: "బాగా సూడండి! ముందువైపు బాగా సూడండి!"

శ్యామలాంబ చూసింది. ముప్పై ఏళ్లు బంపర్లు చూసిన కళ్లు కదా. ముందు జాలీకి ఎడమ పక్క, లోపలి కడ్డీకి, నల్లగా ఒక తాడు ముక్క. మూడు ముడులు.

పీటల మీదికి వచ్చేసరికే పెళ్లికూతురి మెడలో పుస్తె ఉన్నట్టుంది సంగతి. తాడు ఆఖర్న కట్టాలి. ఈ బండికి గుడ్డ తియ్యకముందే ఉంది. అంటే ఈ కారుకి ఇదివరకోసారి పూజ అయింది.

ఆవిడ పేజీలో వెనక్కి వెనక్కి వెళ్లింది. ఆషాఢమాసంలో ఒక రీలు దొరికింది. అదే రకం తెల్లకారు, జిల్లాలో మొట్టమొదటిది అని రాసుంది. ఆఖర్న లిప్సా జాలీకి ఎడమ పక్కనే తాడు కడుతోంది. ఆషాఢంలో బండి కొనే తెలుగువాడెవడు? ఇంటి యజమానిలా తాళంచెవి పట్టుకుని నవ్వుతున్న మనిషిని పోల్చుకోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. ఇందాక గేటు తీసిన వాచ్‌మనే. బేరాల్లేని రోజుల్లో పేజీ ఖాళీగా కనబడకూడదని ఆడిన నాటకం. నాటకానికి పూజ చేసిన బండిని తరవాత ఎవరు తిప్పారు? దానికేమైంది? ఎందుకు దాచి, కొత్తదని టికిరి వాళ్లకి అంటగట్టారు?

అడగాలనిపించింది గానీ అడగలేదు. తెలిసింది దాచుకోవడం ఆవిడ వృత్తిలో మొదటి పాఠం. ఇంకో గంటలో ఆ పాఠం తనే మర్చిపోతుందని అప్పుడు తెలియదు.

ఐదు దాటుతుండగా, శ్యామలాంబ ఊళ్లో దిగిందని విని, ఎస్సై బిశ్వజిత్ వచ్చాడు. పేరుకి ఒడియా వాడిలా ఉంటాడు గానీ రాయగడ తెలుగు వీధిలో పుట్టినవాడే. శ్యామలాంబ అంటే అతనికి పంటి కింద రాయి.

"ఏటి మేడమ్, మళ్లీ దిగేరా? నా కేసుల్లో వేలెట్టడం మీకు బాగా అలవాటైపోనాది."

"కేసే లేదన్నారు కదండీ. లేని కేసులో వేలెక్కడ పెట్టను?"

"గుంట నిన్న సాయంకాలం ఆరుంబావుకి రీలెట్టింది. ఊరంతా సూసింది. ఆపదలో ఉన్నోళ్లు రీళ్లెడతారేటి? ఎవడితోనో ఎల్లింది, సుఖంగా ఉంది. పాపం, పిన్నిలాటి ఈ మావుసీని మీరు రైళ్లెంట తిప్పుతున్నారు."

"మీ రీలు కూడా చూశాను. మీరు కారు తీసుకున్న రోజుది. దండ బాగా నప్పింది మీకు."

బిశ్వజిత్ ముఖం ఎర్రబడింది. "అది నా సొంత బండి. దానికీ దీనికీ ఏటి సంబంధం?"

"చెబుతాను. సుశాంత్ గారూ, మీ ల్యాప్‌టాప్‌లో పేజీ తెరవండి. ఇకముందు పడబోయే రీళ్లెన్ని ఉన్నాయో ఎస్సైగారికి చూపించండి."

సుశాంత్ తెరిచాడు. వరసలో ఒక్కటే మిగిలి ఉంది. ఈ రోజు, సాయంత్రం ఆరుంబావు.

"శనివారం తీసింది గురువారం పడింది. పది రోజులవీ ఒకేసారి టైము పెట్టి ఉంచేయడం ఆ పిల్లకి అలవాటు. ఇవన్నీ ఆ శనివారమే ఎక్కించింది. రోజూ పడుతున్నవి అవే. మీరు నిన్న సాయంత్రం విన్నానంటున్న గొంతు పది రోజుల నాటిది ఎస్సైగారూ. ఆ పిల్ల క్షేమంగా ఉందనడానికి మీ దగ్గర ఆవగింజంత సాక్ష్యం లేదు."

శ్యామలాంబకి గెలిచానన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. సోఫాలోంచి చిన్న గొంతు వచ్చింది.

"అయితే అమ్మగారూ... నిన్న మాటాడింది, నిన్న కాదా?"

శ్యామలాంబ చేతిలోని చిన్న పుస్తకం మూసేసింది.

"మొన్నటిదీ కాదా? నాను రోజూ అనుకుంటన్నాను, ఇయ్యాల కొంచెం సిక్కినట్టుంది, ఇయ్యాల నవ్వు బాగుంది అని." రామలక్ష్మి ఫోను రెండు చేతుల మధ్యా పట్టుకుంది. "ఇంకొక్కటే ఉందా? రేపటేల నుంచి మాటాడదా?"

శ్యామలాంబ ఫోనులో ఒక నంబరుంది. ఆరేళ్లుగా అది మోగలేదు. మోగదు. భర్త పేరుతో ఉన్న ఆ నంబరుని ఆవిడ తీసెయ్యలేదు. ఎదురుచూపు అంటే ఏమిటో ఆవిడకి ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే రామలక్ష్మి ముఖం చూడలేక, చూడ్డానికి ఇంకేదో ఒకటి కావాలని, ఆమె చేతిలోని ఫోను తీసుకుంది.

"నాకు రాత రాదమ్మగారూ," అంటోంది రామలక్ష్మి. "అమ్మి నేర్పిన కాడికి, రీలు రాగానే కింద పువ్వెట్టి నొక్కుతాను. సూసేనని తెలుస్తాది కదా."

తొమ్మిది రీళ్లు. ప్రతిదాని కిందా మైలేజీ ఎంత, లోను ఇస్తారా అని జనం గోల. ఆ గోల మధ్యలో రోజుకొకటి చొప్పున తొమ్మిది మందార పువ్వులు. ప్రతి పువ్వు పక్కనా చిన్న ఎర్ర గుండె. పెట్టింది జంఝావతి మోటార్స్ పేజీ.

"ఈ గుండెలేమిటి రామలక్ష్మీ?"

"పువ్వెడితే గుండెకాయ వస్తాది. ఫోన్లో అంతే కదేటి?"

అంతే కాదు. మిగతా ఎవరి మాటకీ పేజీ గుండె పెట్టలేదు. వంద మందిలో ఒక్క వీధులూడ్చే మనిషి పువ్వుకే. యంత్రం చేసే పని అనుకుని ఆ తల్లి తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పువ్వులో చూసేందుకేముందని పోలీసులూ చూడలేదు.

"ఎంతసేపటికి వస్తుంది?"

"ఇలా నొక్కి, అలా ఫోను దించేసరికే."

శ్యామలాంబ గొంతు తన అదుపు తప్పింది. "బతికే ఉంది! రామలక్ష్మీ, నీ కూతురు బతికే ఉంది! రీలుకి టైము పెట్టచ్చు. తల్లి పువ్వుకి టైము పెట్టి గుండె పంపడం ఎవరి తరమూ కాదు. పేజీ ఉన్న ఫోను చేత్తో పట్టుకుని, ఆరుంబావుకి నీ పువ్వు కోసం నీలాగే ఎదురుచూస్తూ కూర్చుంటోంది. నిన్న సాయంత్రం కూడా! నీ ఫోన్ ఎవరో చూస్తారని తెలుసు గనకే మాట లేకుండా గుండె పంపిస్తోంది."

రామలక్ష్మి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఒక్కో గుండె మీదా వేలు పెట్టి, "ఇది అమ్మి... ఇది అమ్మి..." అంటూ తడుముకుంటూ పోయింది. బిశ్వజిత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సుశాంత్ ల్యాప్‌టాప్ మీద రెండు మీటలు నొక్కి, కాసేపు చూసి లేచాడు.

"చాలా మంచి మాట చెప్పారు మేడమ్. టీ పంపిస్తాను."

అప్పుడు ఐదూ ఇరవై ఐదు.

ఐదూ ముప్పై ఐదైనా టీ రాలేదు. శ్యామలాంబ లేచి గుమ్మం దాకా వెళ్లి చూసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అన్నారా! ఐదింటికి వెళ్లిందని అబద్ధమాడినవాడు, తల్లి ఫోను రోజూ తీసి చూసేవాడు. వాడి ఎదురుగా కూర్చుని పిల్ల బతికుందనీ, చేతిలో ఫోనుందనీ తన నోటితో తనే చెప్పింది. ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. పేజీ ఏయే ఫోన్లలో తెరిచి ఉందో, ఎక్కడ ఉందో చూపించే పట్టీ అది. మొదటి ఫోను రాయగడ. రెండోది గుడారి.

"రామలక్ష్మీ, గుడారిలో మీకెవరున్నారు?"

"గురువమ్మ ఉంది. నా సిన్ననాటి నేస్తం. అమ్మికి పురుడు పోసింది ఆవిడే."

"ఆవిడ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదమ్మగారూ." రామలక్ష్మి ఆగింది. "సుశాంతు బాబుకి... నానే రాయించేను కదా. అందరి పేర్లూ రాయించేను కదా!"

"ఉండండి మేడమ్," బిశ్వజిత్ అడ్డొచ్చాడు. "ఆడు ఎతకడానికెల్తే మంచిదే కదా. ఆడికేటి పగ?"

శ్యామలాంబ టికిరి రీలు అతని ముఖం ముందు పెట్టింది. గుడ్డ జారిన చోట ఆపింది. నల్లతాడు చూపించింది. తరవాత ఆషాఢం రీలు చూపించింది.

"రెండూ ఒకటే బండి. మధ్యలో దీనికేదో అయింది. రీళ్లు కూరుస్తూ లిప్సా ఆ తాడు చూసింది. తను కట్టిన ముడి తను ఎరగదూ? అందుకే అక్కడ బొమ్మ ఆపి 'బాగా సూడండి' అంది. మనమెవరమూ చూడలేదు. ఆ పిల్ల కనిపెట్టిందని ఇతనికి తెలిసిపోయింది, అందుకే పారిపోయింది."

బిశ్వజిత్ కళ్లు ఆ తెల్లకారు మీంచి కదల్లేదు. "ఆషాఢంలో లక్ష్మీపూర్ ఘాట్లో ఒకడు పోయేడు మేడమ్. మేకలు తోలుకెల్తంటే గుద్దీసి ఆపకుండా పోనారు. తెల్ల బండి, నంబరు నేదు, అంతే తెలిసింది. ఆ బండికోసమే ఈ షోరూముకొచ్చి అడిగేను. ఈ సుశాంతే కూకోబెట్టి టీ ఇచ్చేడు. అలాటిది తెల్లదొకటీ మా దగ్గర నేదన్నాడు." గొంతు తగ్గింది. "ఆ తరవాతే నాను ఇక్కడ బండి కొన్నాను."

"దండ వేసుకున్నారు. ఆ వీడియో తీసింది లిప్సాయే. మీ దగ్గరికి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందా?"

అతను టోపీ పెట్టుకున్నాడు. బయటికి పరుగెత్తి జీపు తీశాడు. పరుగెడుతూనే గుడారి ఠాణాకి ఫోన్ చేశాడు. అక్కడి జీపు బందోబస్తుకి వెళ్లింది. ఉన్నది ఇద్దరు కానిస్టేబుళ్లు. గురువమ్మ ఇల్లెక్కడో వాళ్లకి తెలియదు.

"మావుసీ, ఇల్లు నీకు తెలుసా?"

"సందుల్లో ఉంటాది. సెప్తే దొరకదు. నానొస్తాను." రామలక్ష్మి అప్పటికే జీపెక్కి కూర్చుంది.

ఐదూ యాభైకి బయల్దేరారు. గుడారి ముప్పావుగంట దారి. సుశాంత్ వాళ్లకన్నా ఇరవై ఐదు నిమిషాలు ముందున్నాడు. శ్యామలాంబ దారి పొడుగునా లెక్కేసుకుంటూనే ఉంది. ఎలా లెక్కేసినా ఆ ఇరవై ఐదు తన నోటి చలవే.

"బాబూ, తొరగా," అంది రామలక్ష్మి ఒకసారి. ఫోను మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఆరుంబావు అయింది. రీలు పడింది.

ఈసారి కారు లేదు, పంతులు లేడు. అద్దాల గదిలో లిప్సా ఒక్కతే. చేతిలో నల్లతాడు.

"అన్నయ్యలూ, అక్కలూ, ఇయ్యాల బండి లేదు. ఇయ్యాల మా అమ్మ నేర్పిన ముడి సూపిస్తాను." ఒకటి వేసింది. రెండోది వేసింది. మూడోది బిగిస్తూ, నవ్వబోయి నవ్వలేక, "ఇది ఊడదు. ఎంత దూరమెల్లినా ఊడదమ్మా," అంది. రీలు అయిపోయింది.

రామలక్ష్మి ఏడవలేదు. కళ్లు తుడుచుకుంటే తెర కనబడదని కాబోలు, అలాగే కుదుపుల్లో వేలు ఆనించి, మందారం వెతికి, నొక్కింది. పదో పువ్వు వెళ్లింది.

సిగ్నలు పోయింది. వచ్చింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. రోజూ ఇలా నొక్కి అలా దించేసరికి వచ్చేదన్న మాట శ్యామలాంబకి గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు. ఇంక చాలు తన నోటి దురుసు.

టింగుమంది ఫోను.

"వచ్చిందా మావుసీ?" స్టీరింగు వదలకుండా అరిచాడు బిశ్వజిత్.

"వచ్చింది."

"హమ్మయ్య! గుంట బాగానే ఉంది!" అతని కాలు కొంచెం సడలింది. జీపు వేగం తగ్గింది. శ్యామలాంబ సీటుకి చేరగిలబడి, ఎన్నేళ్లకో ఒకసారి మొక్కే మజ్జిగౌరమ్మకి మనసులోనే చేతులు జోడించింది.

రామలక్ష్మి మాత్రం ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తూనే ఉంది.

"అమ్మగారూ, ఒకసారి సూడండి. ఇదేటి?"

శ్యామలాంబ వంగి చూసింది. పువ్వు పక్కన జంఝావతి మోటార్స్ పేజీ పెట్టిన గుర్తు ఉంది. గుండె కాదు. నీలం రంగులో, నిటారుగా, ఒక బొటనవేలు.

"బండి తొక్కు బాబూ," అంది రామలక్ష్మి, గొంతు పెంచకుండానే. "ఇది నా కూతురు కాదు."